నిచ్చెనలో వంగిన మెట్టు

1970ల నాటి అమెరికన్ పికప్ ట్రక్కు కిందికి వెల్లకిలా దూరి టార్చిలైటు వేస్తే మొదట కనపడేది మట్టి. ఆ మట్టి కింద గ్రీజు, గ్రీజు కింద మళ్లీ మట్టి. వైరు బ్రష్షుతో జానెడు మేర గీకితే నల్లరంగు బయటపడుతుంది. సీటు ఉన్న చోటుకి కిందుగా ఒక ఉక్కు పట్టీ ఈ వైపు నుంచి ఆ వైపుకి అడ్డంగా పోతూ ఉంటుంది. దాని నడుమ ఒక రబ్బరు దిమ్మ, ఆ దిమ్మ మీద గేరుబాక్సు తోక. ఆ పట్టీ పేరు క్రాస్‌మెంబర్.

దెబ్బ తిన్న బండిలో ఆ పట్టీ నడుమ భాగం బొటనవేలి మందాన పైకి లేచి ఉంటుంది. వంపు పైవైపున రంగు సన్నటి గీతలుగా చిట్లి, వేలితో రాస్తే పొలుసులుగా రాలుతుంది. కిందివైపున అదే రంగు ముడతలు పడి ఉంటుంది. పైన ఉక్కు సాగింది, రంగు సాగలేకపోయింది. కింద ఉక్కు కుదించుకుంది, రంగుకి చోటు చాలక పొంగింది. వెనకటి తరం ఇంజనీర్లు ప్రయోగశాలలో ఉక్కు దూలాలను పరీక్షించేటప్పుడు వాటికి కావాలనే సున్నం కొట్టేవాళ్లు. బరువు పెంచుతూ పోతుంటే సున్నం ఎక్కడ పెచ్చులూడితే అక్కడ ఉక్కు లొంగిపోయిందని లెక్క. పాత ట్రక్కు కింద చిట్లిన రంగు కూడా అలాంటి సున్నమే. వంగిన పట్టీ కనపడగానే సుత్తి అందుకోకుండా ముందు ఆ రంగును చదవాలి. దెబ్బ ఎటునుంచి వచ్చిందో, ఎంత దూరం పాకిందో అందులోనే రాసి ఉంటుంది.

చాలాసార్లు అందులో బయటపడేది జాకీ సంగతి. ఈ పట్టీ రోజూ మోసే బరువు పెద్దదేం కాదు. ఇంజను, గేరుబాక్సు కలిపి మూడు నాలుగు వందల కిలోలుంటే, ముందున్న రెండు మౌంటింగులు ఎక్కువ భాగం పంచుకుంటాయి. వెనక దీని వంతుకి వచ్చేది సుమారు వంద కిలోలు. టైరు మార్చే తొందరలో ఎవరో జాకీ తలను దీని నడుమ ఆనించి ఏకంగా బండినే లేపబోతే అదే చోట ఏడెనిమిది వందల కిలోలు పడతాయి. అదీ అరచేయంత కూడా లేని జాగా మీద. దూలం రెండు చివర్ల దగ్గర మోసే బరువుకీ, సరిగ్గా నడుమ మోసే బరువుకీ చాలా తేడా ఉంది. నడుమ పడిన బరువు దూలాన్ని అన్నిటికంటే ఎక్కువగా వంచుతుంది. జాకీ వంచితే గుండ్రటి అచ్చు పడుతుంది. పొలం దారిలో రాయో, చెట్టు మొద్దో తగిలితే ముందు నుంచి వెనక్కి గీసుకుపోయిన ఏటవాలు గాటు ఉంటుంది. బురదలో దిగబడిన బండిని ఈ పట్టీకే గొలుసు కట్టి లాగి ఉంటే నడుమ కాకుండా అంచు మడత పడుతుంది. ఈ మూడు గుర్తులనీ గుర్తుపట్టిన మెకానిక్కుకి ఆ బండి యజమాని చెప్పడం మరిచిపోయిన సంగతులు కూడా తెలిసిపోతాయి.

ఈ పట్టీ ఎలాంటి కట్టడంలో భాగమో తెలుగు పాఠకులకి బొమ్మ గీసి చూపించనక్కర్లేదు. మద్రాసు పక్కన ఎన్నూరులో తయారైన లారీలు విజయవాడ వైపు వచ్చే రోడ్డు మీద ఒకప్పుడు తరచూ కనిపించిన దృశ్యం గుర్తు చేసుకుంటే చాలు. క్యాబు లేదు, తొట్టి లేదు. ముందు ఇంజను, కింద చక్రాలు, వెనక్కి సాగిన పొడుగాటి ఉక్కు నిచ్చెన. తలకి తువ్వాలు చుట్టుకుని చెక్కపలక మీద కూర్చుని ఎండలో, వానలో దాన్ని నడుపుకుంటూ బాడీ కట్టే షెడ్డుకి తీసుకుపోయే డ్రైవరు. ఆ నిచ్చెనే ల్యాడర్ ఫ్రేమ్, మన షెడ్డుల్లో అనే మాటలో చాసిస్. నిచ్చెనకి రెండు పొడుగు కాళ్లు ఉన్నట్టే దీనికి రెండు సైడు మెంబర్లు. నిచ్చెనకి మెట్లున్నట్టే దీనికి క్రాస్‌మెంబర్లు. పికప్ ట్రక్కు లోపల ఉన్నదీ అదే నిచ్చెన, కాస్త పొట్టిది.

నిచ్చెనలు చెయ్యడంలో అమెరికాలో మిల్వాకీ నగరానిది పెద్దపేరు. అక్కడ సైకిలు భాగాలతో పేరు తెచ్చుకున్న ఏ.ఓ. స్మిత్ కంపెనీకి 1906లో హెన్రీ ఫోర్డ్ నాలుగు నెలల్లో 10,000 ఫ్రేములు కావాలని ఆర్డరు ఇచ్చాడు. ఆ వేగం అందుకోవడానికి మొదలైన ఆలోచన 1921లో ఒక పూర్తి యాంత్రిక కర్మాగారంగా తేలింది. ఒకవైపు ఉక్కు పట్టీలు పెడితే రెండో వైపు సుమారు 8 సెకన్లకొక ఫ్రేము బయటికి వచ్చేది, రోజుకి 10,000 దాకా. తొట్టి బిగించి ఫ్యాక్టరీ నుంచే అమ్మిన ఫోర్డ్ పికప్ 1925లో 281 డాలర్లకి బజార్లోకి వచ్చింది. ఆ తర్వాత బండి మీది రేకు ఎన్ని సొగసులు పోయినా కింద నిచ్చెన ఆలోచన మారలేదు.

మారకపోవడానికి కారణం ఉంది. నిచ్చెన ఒక పనిలో చాలా గట్టిది, ఇంకో పనిలో చాలా మెత్తనిది. నిలువుగా పడే బరువును ఏమాత్రం చలించకుండా మోస్తుంది. మెలిపెడితే మాత్రం మెలి తిరుగుతుంది. పొలం గట్టు ఎక్కేటప్పుడు ముందు కుడిచక్రం పైకి, వెనక ఎడమచక్రం పైకి లేస్తే ట్రక్కు చాసిస్ తడిగుడ్డ పిండినట్టు కొద్దిగా తిరుగుతుంది, దిగగానే మామూలైపోతుంది. లారీ చాసిస్ విషయంలో దీన్ని లోపమని ఎవరూ అనుకోలేదు. నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండటానికి అది కూడా సాయం చేస్తుంది.

ఈ మెత్తదనం ఎక్కడిదో ఇంట్లోనే చూడొచ్చు. క్యాలెండరు చుట్టి వచ్చే అట్ట గొట్టాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మెలిపెట్టి చూడండి, కదలదు. ఇప్పుడు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా బ్లేడుతో ఒక్క గీత కొయ్యండి. అట్ట అంతే ఉంది, బరువూ అంతే ఉంది. కానీ మెలిపెడితే కోసిన అంచులు ఒకదాని మీద ఒకటి జారి గొట్టం గుడ్డపేలికలా తిరిగిపోతుంది. ఫ్రాన్సులో సాన్ వెనాన్ 1855లో, జర్మనీలో బ్రెట్ 1896లో ఈ తేడాకి లెక్కలు కట్టారు. 150 మిల్లీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, 5 మందం ఉన్న ఉక్కును మూసిన పెట్టెలా చేస్తే మెలికి అడ్డుపడే గుణం, అదే కొలతల్లో ఒకవైపు తెరిచిన చానల్ కంటే 250 రెట్లకి పైగా ఉంటుంది. చానల్‌లో లేనిది ఒక్క గోడే, తేడా మాత్రం వందల రెట్లు.

పాత పికప్పుల్లో సైడు మెంబర్లు చాలావరకు తెరిచిన చానళ్లే. అందుకే క్యాబునీ, వెనక తొట్టినీ విడివిడిగా బిగించి, రెంటి మధ్యా రెండు మూడు వేళ్లు పట్టే సందు వదిలారు. చాసిస్ మెలి తిరిగినప్పుడు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. 1961లో ఫోర్డ్ ఈ సందును మూసేసి క్యాబునీ తొట్టినీ ఒకే రేకుగా కలిపిన పికప్పులు తెచ్చింది. చూడటానికి అందంగా ఉన్నాయి. బరువు వేస్తే తలుపులు పట్టేస్తున్నాయన్న మాట వ్యాపించింది. మూడేళ్లు తిరక్కుండా ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. 2004 నాటికి అదే కంపెనీ ఎఫ్-150 పికప్ ఫ్రేమును అటు చివర నుంచి ఇటు చివరదాకా మూసిన పెట్టెలా మార్చింది, సందును మాత్రం ఉంచింది. పాత బండి కొనబోయే మనిషి దూరంగా నిలబడి మొదట చూడాల్సింది ఈ సందునే. పైన వెడల్పుగా, కింద ఇరుగ్గా ఉంటే చాసిస్ నడుము వంగింది. కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా ఉంటే ఏదో మెట్టు తన పని చెయ్యడం లేదు.

మెట్టు పనేమిటంటే, రెండు కాళ్లనీ ఒక దూరంలో, ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టడం. మూలల దగ్గర బిగువు తగ్గితే చాసిస్ నాలుగు పుల్లలు మేకులతో కొట్టిన చట్రంలా పక్కకి ఒరిగిపోతుంది. ఈ ఒరుగును పట్టుకోవడానికి ఖరీదైన లేజరు బెంచీ ఉంటే మంచిదే. లేకపోయినా తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు, దారం, సుద్దముక్క, టేపు, చదునైన సిమెంటు నేల చాలు. బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, రెండు సైడు మెంబర్ల మీద ఎదురెదురుగా ఉండే ఫ్యాక్టరీ రంధ్రాలు వెతుక్కోవాలి. ఒక్కోదాని నుంచి గుండు వేలాడదీసి, అది ఊగడం ఆగాక మొన కింద నేలమీద సుద్దతో చుక్క పెట్టాలి. చుక్కలన్నీ పెట్టాక బండిని పక్కకి జరిపితే నేలమీద మిగిలేది చాసిస్ ముగ్గు. ఇక ఒక మూల చుక్క నుంచి ఎదుటి మూల చుక్కకి టేపు పట్టాలి, తర్వాత రెండో కర్ణం. రెండూ సమానమైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టే.

ఈ పద్ధతి అందం ఎక్కడుందంటే, చిన్న తప్పును పెద్దది చేసి చూపిస్తుంది. రెండు మీటర్ల పొడవు, 85 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చట్రంలో ఒక కాలు 10 మిల్లీమీటర్లు వెనక్కి జరిగిందనుకుందాం. పక్కలు కొలిస్తే ఏమీ తేలదు, రెండు మీటర్లు రెండు మీటర్లుగానే ఉంటాయి. కర్ణాలు కొలిస్తే ఒకటి 2,182 మిల్లీమీటర్లు, రెండోది 2,164 వస్తాయి. తేడా 18. కంటికి అందని ఒరుగు టేపు మీద దాదాపు రెండింతలై కనపడుతుంది. బడిలో కర్ణాల లెక్క ఎందుకు చెప్పారని విసుక్కున్న పిల్లవాడు పెద్దయ్యాక మెకానిక్కయితే ఆ పాఠం రోజూ పనికొస్తుంది.

కర్ణాలు సమానంగా వచ్చి, గేరుబాక్సు కింది పట్టీ ఒక్కటే వంగి ఉంటే యజమానికి ఊరట. అయినా దాన్ని అలా వదిలేయకూడదు. పట్టీ నడుమ 12 మిల్లీమీటర్లు పైకి లేస్తే గేరుబాక్సు తోకా అంతే లేస్తుంది. ముందు మౌంటింగులకీ దీనికీ మధ్య దూరం 1.2 మీటర్లయితే ఇంజను, గేరుబాక్సు కలిసి అర డిగ్రీ పైచిలుకు ఒరుగుతాయి. ఆ అర డిగ్రీ నేరుగా పోయి తగిలేది, గేరుబాక్సు తిప్పే బలాన్ని వెనక ఇరుసుకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకి.

ఇక్కడ ఒక పాత శాస్త్రజ్ఞుడు రెండు వేషాల్లో ఎదురవుతాడు. షాఫ్టు చివర్ల ఉండే శిలువ ఆకారపు యూనివర్సల్ జాయింటును ఇప్పటికీ హుక్ జాయింట్ అంటారు. పదిహేడో శతాబ్దపు లండన్‌లో దాన్ని వర్ణించిన రాబర్ట్ హుక్ పేరే అది. ఈ జాయింటుకి ఒక గుణం ఉంది. వంపులో తిరిగేటప్పుడు అటు సమంగా తిప్పినా ఇటు సమంగా తిరగదు. చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలుంటే హెచ్చుతగ్గులు ఒకటిన్నర శాతం దాకా పోతాయి. దీనికి విరుగుడు షాఫ్టు రెండో చివర ఇంకో జాయింటు, సరిగ్గా అంతే వంపుతో. మొదటిది పెంచినప్పుడు రెండోది తగ్గిస్తుంది. రెండు వంపుల మధ్య తేడా ఒక డిగ్రీ దాటకూడదని వర్క్‌షాపుల్లో చెప్పే లెక్క. వంగిన పట్టీ ఆ ఒక డిగ్రీలో సగానికి పైగా తినేస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకి నలభైకి పైగా చుట్లు తిరుగుతుంటే, చుట్టుకి రెండు చొప్పున ఎనభైకి పైగా చిన్న కుదుపులు. డ్రైవరుకి అది సీటు కింద జుమ్మనే అదురుగా తెలుస్తుంది. టైర్లు బ్యాలెన్సు చేయిస్తాడు, బేరింగులు మారుస్తాడు, అదురు పోదు.

హుక్ రెండో వేషం ఇంకా పేరున్నది. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కి లాగుతుందన్న నియమాన్ని ఆయన 1676లో అక్షరాలు తారుమారు చేసిన పొడుపుకథగా అచ్చువేసి, 1678లో విప్పి చెప్పాడు. ఉక్కు కూడా ఒక హద్దు దాకా ఈ నియమానికి కట్టుబడే స్ప్రింగే. మామూలు మెత్తని ఉక్కుకి ఆ హద్దు ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మీటరు కడ్డీ సుమారు ఒకటింబావు మిల్లీమీటరు సాగేదాకా వదిలెయ్యగానే మళ్లీ మొదటి పొడవుకి వస్తుంది. అది దాటితే దాటినంతా అలాగే ఉండిపోతుంది. పికప్ కింద వంగిన పట్టీ హద్దు దాటిన ఉక్కు.

హద్దు దాటినప్పుడు లోపల ఏం జరుగుతుందన్నది చాలాకాలం చిక్కుముడి. పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి ఒక్కసారిగా జారడానికి ఎంత బలం కావాలో 1926లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెంకెల్ లెక్కవేశాడు. ఆ లెక్క ప్రకారం లోహాలు నిజంగా ఉన్నదానికంటే ఎన్నో రెట్లు గట్టిగా ఉండాలి. మరి ఎందుకు లేవు? 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారే ఒకే జవాబుకి చేరారు. పెళ్లిపందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను జానెడు జరపాలంటే పదిమంది కలిసి లాగినా కష్టం. ఒక అంచున చిన్న ముడత లేపి, ఆ ముడతను కాలితో నెట్టుకుంటూ అవతలి అంచుకి తీసుకెళ్తే ఒక్కడే జరపగలడు. స్ఫటికంలో పరమాణువుల వరసల మధ్య ఇలాంటి ముడతలు ఎప్పుడూ ఉంటాయి. ఉక్కు వంగడమంటే ఆ ముడతలు పాకడమే.

పాకే ముడతలు కొత్త ముడతలను పుట్టిస్తాయి. అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఉక్కు గట్టిపడుతుంది. ఇంటి కప్పుకి కడ్డీలు కట్టే బైండింగు తీగను ఒకే చోట అటూ ఇటూ వంచితే మొదట మెత్తగా వంగుతుంది, తర్వాత మొరాయిస్తుంది, వేడెక్కుతుంది, చివరికి పుటుక్కున తెగుతుంది. రాగిబిందె సాగగొట్టే కంచరికి ఇది ముత్తాతల నాటి విద్య. సుత్తిదెబ్బలకి రాగి బిర్రబిగుసుకున్నప్పుడల్లా కొలిమిలో కాల్చి మెత్తబరుచుకుని మళ్లీ కొడతాడు. కాల్చకుండా కొడుతూపోతే బిందె పగులుతుంది. వంగిన క్రాస్‌మెంబర్ అప్పటికే ఒకసారి సుత్తిదెబ్బ తిన్న రాగి లాంటిది. దాన్ని చల్లగానే వెనక్కి వంచితే ఉక్కుకి అది రెండో దెబ్బ.

చల్లగా సరిచేయడం తప్పని దీనర్థం కాదు. వంపు చిన్నదై, నున్నగా, మడత లేకుండా ఉంటే హైడ్రాలిక్ జాకీ, గొలుసు, అడ్డదిమ్మెలతో నెమ్మదిగా తీయొచ్చు. 12 మిల్లీమీటర్లు వెనక్కి రావాలంటే పదిహేనో పద్దెనిమిదో నొక్కాలి. వదలగానే హుక్ నియమం తన వాటా తాను వెనక్కి తీసుకుంటుంది. ఎంత ఎక్కువ నొక్కాలో పుస్తకం కంటే చేయి బాగా చెబుతుంది. కొద్దిగా నొక్కి, పూర్తిగా వదిలి, కొలిచి, మళ్లీ నొక్కే మెకానిక్కు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక్క ఊపులో తీసేసే మెకానిక్కు మీద వద్దు. ఇంకో సంగతి 1880లలో మ్యూనిక్‌లో బౌషింగర్ కనిపెట్టాడు. ఒకవైపు వంచిన లోహం ఎదురువైపుకి మామూలు కంటే త్వరగా లొంగుతుంది. వెనక్కి తీసిన పట్టీకీ ఇది వర్తిస్తుంది. మళ్లీ పాత దిక్కులోనే బలం పడితే కొత్త పట్టీ ఓర్చుకునేంత ఓర్చుకోదు. చూడటానికి తిన్నగా ఉంటుంది, సత్తువ ముందంత ఉండదు.

వేడితో తీసే పద్ధతిలో మన పల్లెలకి తెలిసిన విద్యే దాగి ఉంది. బండిచక్రానికి ఇనుప పట్టా తొడిగేటప్పుడు ఎర్రగా కాల్చి వ్యాకోచింపజేసి ఎక్కిస్తారు, నీళ్లు పోయగానే అది బిగుసుకుని చెక్కముక్కలన్నిటినీ ఒక్కటి చేస్తుంది. వంతెనల ఉక్కు దూలాలకి లారీలు గుద్దుకుని వంగినప్పుడు అమెరికన్ ఇంజనీర్లు చేసేది ఇలాంటిదే. వంపు బయటివైపు వెడల్పుగా, లోపలివైపు కొనదేరేలా గ్యాసు మంటతో త్రికోణాకారంలో వేడి చేస్తారు. వేడెక్కిన భాగం సాగాలనుకుంటుంది, చుట్టూ ఉన్న చల్లటి ఉక్కు సాగనివ్వదు. దాంతో అది అక్కడికక్కడే మందంగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు మాత్రం కుదించుకోకుండా దాన్ని ఆపేది లేదు. ఆ కుదింపు దూలాన్ని తిన్నగా లాగుతుంది. సుత్తి పడదు, మంట వెనక వేచి ఉండే ఓపిక ఒక్కటే కావాలి.

కానీ మామూలు ఉక్కుకి వేడి 650 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అది దాటి 727 డిగ్రీల దగ్గరికి వెళ్తే ఉక్కు లోపలి అమరికే మారడం మొదలవుతుంది. 650 దగ్గర ఉక్కు ముదురు ఎరుపులో ఉంటుంది. నీడలో కనపడే ఆ ఎరుపు మిట్టమధ్యాహ్నం ఎండలో కనపడదు. ఎర్రగా మారలేదే అనుకుంటూ ఇంకా కాల్చేస్తారు. అందుకే నిర్ణీత వేడి దగ్గర కరిగే సుద్దలు దొరుకుతాయి, వాటితో గీత గీసి అది కరగగానే మంట తీసేయాలి. ఎర్రగా ఉండగా నీళ్లు చల్లకూడదు. అంతకంటే ముందు పైన ఏముందో చూసుకోవాలి. పికప్ సైడు మెంబరు పక్కనుంచే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం పోతాయి, చాలా బండ్లలో ట్యాంకూ అక్కడే. కొత్తతరం హెచ్చుబలం ఉక్కుల్లో వేడి చేయడమే తయారీదారులు వద్దంటారు, కాల్చగానే ఆ బలం పోతుంది కనక.

ఇంత చెప్పాక తేల్చాల్సిన మాట ఒకటుంది. బోల్టులతో బిగించిన గేరుబాక్సు క్రాస్‌మెంబర్ అయితే సరిచేయడం మీద రోజంతా పోసేకంటే మార్చేయడమే మంచిది. పాత ట్రక్కులు విప్పి అమ్మే చోట అది దొరుకుతుంది, నాలుగు బోల్టుల పని. రివెట్లతో కొట్టిన క్రాస్‌మెంబర్, ముఖ్యంగా ముందు చక్రాల సస్పెన్షన్ వేలాడే మెట్టు అయితే లెక్క మారిపోతుంది. అక్కడ తప్పు జరిగితే చక్రాల కోణాలే మారిపోతాయి. దాన్ని కొలతల బెంచీ ఉన్న షాపుకి అప్పగించడమే బాధ్యత గల పని.

రివెట్టు గురించి రెండు మాటలు. రివెట్టు వేసేటప్పుడు దాని కాడ ఉబ్బి రంధ్రాన్ని పూర్తిగా నింపుతుంది, సందు మిగలదు. దాన్ని తీయాలంటే తలను గ్రైండరుతో అరగదీసి, నడుమ డ్రిల్లు వేసి, పంచితో వెనక్కి కొట్టాలి. గ్యాసు కటింగుతో కొయ్యడం త్వరగా అవుతుంది గానీ రంధ్రం అంచు కాలిపోతుంది. ఆ స్థానంలో వేసే బోల్టు వదులుగా ఉంటే చాసిస్ మెలి తిరిగినప్పుడల్లా టకటకలాడుతూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. కాబట్టి రంధ్రాన్ని రీమరుతో సాపు చేసి, దానికి బిగుతుగా సరిపోయే బోల్టు వెయ్యాలి. అమెరికన్ కొలతల్లో తల మీద ఆరు గీతలున్నది కావాలి, మూడు గీతలది ఒక మెట్టు తక్కువ. కొత్త రంధ్రాలు తప్పనిసరైతే చానల్ నిలువు గోడలోనే వెయ్యాలి, పై అంచుకీ కింది అంచుకీ డ్రిల్లు తగలకూడదు. వంపు బలమంతా ఆ అంచుల మీదే పడుతుంది. అడ్డంగా వెల్డింగు గీత లాగడం కూడా అందుకే ప్రమాదం. ఆ గీత పక్కనుంచే పగులు మొదలవుతుంది.

పగులు ముందే ఉందేమో చూడటానికి రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకి వాడిన పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ పనిచేస్తుంది. ఉక్కును శుభ్రం చేసి కిరసనాయిలు రాయాలి. కాసేపు నాననిచ్చి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి అద్దాలి. పగులులోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత గీస్తుంది. ఆ గీత కనపడితే ఇక సరిచేయడం గురించి ఆలోచించనక్కర్లేదు.

అసలు కొన్ని వంపులు ఏ దెబ్బ వల్లా రావు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఏటా కోటి టన్నులకి పైగా ఉప్పు చల్లుతారు.  ఆ ఉప్పునీళ్లు చానళ్ల లోపల, రెండు రేకులు కలిసే సందుల్లో నిలిచిపోతాయి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకి పైగా చోటు ఆక్రమిస్తుంది. సందులో పుట్టిన తుప్పు మేకులా దిగి రివెట్టు వేసిన రేకులను విడదీస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకి పట్టీ వంగినట్టు కనపడుతుంది. 5 మిల్లీమీటర్ల రేకులో ఒక్క మిల్లీమీటరు తుప్పు తింటే తెరిచిన చానల్ మెలికి అడ్డుపడే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, మందం ఘనాన్ని బట్టి నడిచే లెక్క అది. చేపల లారీల తొట్టి కింద నిరంతరం కారే ఐసునీళ్లు మన దగ్గర ఇదే పని చేస్తాయి.

2009 నవంబరులో టయోటా అమెరికాలోని చలి రాష్ట్రాల్లో 2000 నుంచి 2003 మోడల్ టండ్రా పికప్పులు సుమారు 1,10,000 వెనక్కి పిలిచింది. కారణం సరిగ్గా ఒక క్రాస్‌మెంబరే. అన్నిటికంటే వెనకున్న మెట్టు తుప్పుపట్టి, దానికి వేలాడే స్టెప్నీ టైరు రోడ్డు మీద ఊడిపడే ప్రమాదం వచ్చింది. 2016లో అదే కంపెనీ టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేముల తుప్పు కేసులో రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బండ్లు, ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా కావచ్చని అంచనా. ఒక నిచ్చెన విలువ ఎంతో ఆ అంకె చూస్తే తెలుస్తుంది. ఇలాంటి తుప్పు పట్టీని వేడి చేసినా, నొక్కినా ఉపయోగం లేదు. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిస్తే లోపలికి దిగే ఉక్కు సరిచేయడానికి మిగిలిన ఉక్కు కాదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ చాసిస్‌ల మీద పనిచేసే మేస్త్రీలు ఇవన్నీ సూత్రాలుగా చదువుకుని ఉండకపోవచ్చు. దారం ఎక్కడ పట్టాలో, మంట ఎప్పుడు తీసేయాలో వాళ్ల చేతికి తెలుసు. సాన్ వెనాన్ లెక్కలు ఆ చేతికి అందితే, తెరిచిన చానల్‌కి నాలుగో గోడగా రేకు వెల్డు చేసి బలపరచబోయే ముందు అది మెలి తిరగాల్సిన చోటా కాదా అని ఇంకొకసారి చూసుకుంటుంది. ఒక్కచోటే పెట్టెలా మూసేస్తే మెలి అంతా పక్కనున్న తెరిచిన భాగానికి చేరి, రెండూ కలిసే అంచున చాసిస్ పగిలే అవకాశం పెరుగుతుంది.

మారిన పట్టీని బిగించే పద్ధతిలోనూ క్రమం ఉంది. బోల్టులన్నీ ముందు వేళ్లతో ఎక్కించాలి. స్టాండ్లు తీసి, బండి తన బరువుతో తన చక్రాల మీద నిలిచాక, రబ్బరు దిమ్మ దానంతటది సర్దుకున్నాక టార్కు రెంచితో బిగించాలి. షాఫ్టు రెండు చివర్లా కోణం మళ్లీ చూడాలి. చివర్న ప్రతి నట్టు మీదినుంచి పట్టీ మీదికి పసుపు రంగుతో సన్నటి గీత ఒకటి గీసి ఆరనివ్వాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా కిందికి దూరి, టార్చి వేసి ఆ గీతలు చూస్తారు. నట్టు మీది సగం, పట్టీ మీది సగం ఇంకా ఎదురెదురుగానే ఉంటే బోల్టు కదలలేదు.